తీగకి అవతలి చివర

ఫిబ్రవరి 9

దొంగల్ని పోషిస్తున్నది నువ్వే. ఇంకెవరూ కాదు. అద్దాల తలుపుల కొట్లో కూర్చుని, రాగి తీగ ముక్కకి నల్ల బట్ట చుట్టి, నగల పెట్టెలో పెట్టి అమ్మేవాడికి సిగ్గు లేదంతే. మూడు నెలల జీతం పోసి కొని, ఆ పెట్టెని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చుకున్నావు చూడు, నీలాంటివాళ్ళ వల్లే వాడు మళ్ళీ రేపు కొట్టు తెరుస్తాడు.

తమ్ముడూ, శాంతంగా రాద్దామని మొదలుపెట్టిన కాగితాలు బల్ల కింద ఉండలు చుట్టి పడున్నాయి. ఇదే కాస్త మర్యాదగా ఉన్నది.

మరదలు చెప్పబట్టి తెలిసింది. నీకు ఫోన్ చేస్తే "ఆఁ, ఆఁ" తప్ప మాట లేదు. లైను బాగాలేదు, ఉత్తరం రాయమన్నావట. తప్పు చేసినవాడికి లైను ఎప్పుడూ బాగుండదులే. ఆవిడ కుట్టుమిషను కోసం దాచుకున్నది కూడా అందులోకే పోయిందటగా?

పాటల పెట్టె నుంచి స్పీకరు దాకా రెండు బారల తీగ. అందులో పారేది కరెంటు. కరెంటుకి ధరలు చదవడం రాదురా. పట్టు పరిచినా గోనెసంచి పరిచినా అది ఒకేలా నడిచిపోతుంది. ఎవడో తెలియనివాడు మోసపోతే జాలిపడతాను. రాగిని తీగ చేసే షెడ్డులో పనిచేసేవాడివి నువ్వు! ఇది నీకు నేను చెప్పాలా?

వెంటనే తిరిగిచ్చెయ్. రసీదు పారెయ్యలేదు కదా?

కోపంతో,
అక్క

ఫిబ్రవరి 17

అక్కా,

నీ ఉత్తరం నీ మరదలు నా భుజం మీంచి చదివింది. దొంగలన్న చోట నా వీపు మీద చరిచింది. "మీ అక్క నా తరఫున నాకంటే బాగా పోట్లాడుతుంది" అని నవ్వింది. కుట్టుమిషను సంగతి దగ్గర మాత్రం నవ్వలేదు.

అది రాగేనన్నావు. నిజమే. ఎవరి రాగో కూడా చెప్తాను. మాదే. ఆ తీగ అమ్మే కంపెనీ పేరున్న చీటీలు తీగ చుట్టే బాబిన్లకి అతికించేది నేనే. మా షెడ్డులో ఒక పక్క నుంచి వేలంత లావు కడ్డీ లోపలికి వెళ్తుంది. డైలు అంటాం, చిన్న చిన్న బెజ్జాలు, ఒకదానికంటే ఒకటి సన్నం. వాటిలోంచి లాగగా లాగగా అవతల వెంట్రుకలా బయటికొస్తుంది. ఆ క్షణం దానికి సాయంత్రపు ఎండ రంగు ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఆ ఎండని బాబిన్లకి చుట్టి పంపిస్తున్నాను. లారీ ఎక్కుతుంది, గేటు దాటుతుంది, అంతే. ఎవరింట్లో ఏ గోడ వెంట పాకుతుందో, దానిలోంచి ఏం పారుతుందో నాకు తెలీదు. ఒక్కసారి అవతలి చివర కూర్చోవాలనిపించింది.

ఆ కొట్లో లోపల ఒక చిన్న గది ఉంది. గోడలన్నిటికీ మందపాటి బట్ట. తలుపు మూయగానే లోకం చెప్పులు విప్పేసి నడిచినట్టయింది. కొట్టతను నేను ఎప్పుడూ వినేదే, నాకు ఇష్టమైన వయొలిన్ పాటే, గట్టిగా పెట్టాడు. ఇంట్లో విన్నప్పుడల్లా ఆ వయొలిన్ మేడమెట్లు ఎక్కుతూ ఎక్కుతూ ఒక మెట్టు దగ్గర మాయమైపోతుంది. అక్కడ మాత్రం డాబా మీదికి వెళ్ళిపోయింది అక్కా. ఆరేసిన బట్టల మధ్య, తడి దుప్పట్లని చేత్తో తప్పించుకుంటూ నడిచింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. కొట్టతను మర్యాదగా అటు తిరిగి బిల్లు రాశాడు.

ఇంట్లో ఇంకా అంత పైకి వెళ్ళడం లేదు. ఒక మెట్టు ఎక్కువ ఎక్కినట్టు మాత్రం ఉంది. తీగకి ఇల్లు అలవాటు కావాలట.

ఇంకేం విశేషాలు లేవు. కిటికీ పక్క చెట్టు మీద పొద్దున్నే గోల చేసే పిట్టలు ఈమధ్య రావడం మానేశాయి. ఊళ్ళో కొమ్మలు కొట్టించేస్తున్నారేమో. కెటిల్ ఈల పాడైంది, నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోతున్నాయి. పాప మాటలు మింగేస్తోంది. కొత్త టీచరు గొణగడం నేర్పిస్తున్నట్టుంది.

షెడ్డులో పొడుగు నిన్ను అడిగాడు. పక్క యంత్రం వాడు, గుర్తుందా? మా పెళ్ళిలో గుమ్మానికి తల కొట్టుకున్నవాడు. ఆ హోరులో మాటలు వినపడవు కాబట్టి వాడూ నేనూ చేతులతోనే మాట్లాడుకుంటాం. పిడికిలంటే లావు తీగ, చిటికెన వేలంటే సన్న తీగ, అరచెయ్యి తిప్పితే డై అరిగింది, మార్చు. "మీ అక్క" అనడానికి కూడా గుర్తుంది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంటాడు.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 26

ఒరేయ్,

నడుం మీద చేతులా? ఆ పొడుగుని ఈసారి గుమ్మం దాకా రానివ్వను.

నీ ఉత్తరం ప్రూఫులు దిద్దే గదిలో చదివాను. మధ్యాహ్నం ఆ గదిలోకి ఎండ పలచగా, కాగితాల దుమ్ముతో కలిసి వస్తుంది. కింద అచ్చుయంత్రం ఆగి ఉంది. నువ్వు రాసిన ఆ డాబా, ఆ తడి దుప్పట్లు కాసేపు నా కళ్ళముందే ఆరాయి. పెట్టాల్సిన కామాలు పెట్టకుండా కూర్చుండిపోయాను. తర్వాత ఒళ్ళు మండింది.

ఎందుకో విను. కడ్డీని తీగ చేసింది నువ్వు. ఆ తీగని నీకే అమ్మారు. మధ్యలో కొత్తగా చేరింది ఒక నల్ల బట్ట. ఆ బట్ట ధర నీ మూడు నెలల బతుకు. తీగ ఇల్లు అలవాటు చేసుకోవడం ఏమిటి, అది కోడలా? రేపు బాగా వినపడకపోతే "మీ ఇంటికి ఇంకా అలవాటు పడలేదు" అంటాడు. తిరిగిచ్చే గడువు దాటిపోయేదాకా అంటాడు.

సరే, నా మాట వద్దు. పరీక్ష పెట్టుకో. దీనితోపాటు అంటించిన కవరు పంపుతున్నాను, అందులో వరుస రాసిన చీటీ ఉంది. కవరు పాప విప్పాలి, నువ్వు చూడకూడదు. స్పీకర్ల ముందు దుప్పటి కట్టండి. దుప్పటి వెనక పాప చీటీలో ఉన్న వరుసలో ఒకసారి కొత్త తీగ, ఒకసారి పాత తీగ తగిలించాలి. పాట ఒకటే, గట్టితనం ఒకటే. నువ్వు ముందు కూర్చుని ఏది ఏదో చెప్పాలి. సగం తప్పితే తీగ వెనక్కి, కుట్టుమిషను లోపలికి. సాక్షిగా పొడుగుని పెట్టు, దుప్పటికి పక్కగా కూర్చుని రెండు వైపులా చూస్తాడు. కనీసం ఆ ఎత్తు దేనికైనా పనికొస్తుంది.

పిట్టల సంగతి మంచి పని చేశావు చెప్పి. ఈ వారం పత్రికలో మీ మున్సిపాలిటీని ఉతికి ఆరేశాను. కొమ్మలు నరికి పిట్టల్ని తరిమేసిన ఊరు అని పేజీ అంతా రాశాను. వచ్చే వారం పిల్లల నోళ్ళు నొక్కేసే బళ్ళ మీద. నీ పేరు రాయలేదులే, వీధి పేరూ కిటికీ పక్క చెట్టూ మాత్రం రాశాను. కెటిల్ కంపెనీని కూడా వదలను.

అక్క

మార్చి 12

అక్కా,

పరీక్ష అయింది. ఆదివారం పొద్దున. నీ మరదలు ఉతికిన దుప్పటి కట్టింది. కిటికీలోంచి గాలి వస్తే అది ఊపిరి తీసుకుంటున్నట్టు ఉబ్బి దిగుతోంది. దాని వెనక పాప నీడ, దాని పాదాలు కింద కనపడుతున్నాయి.  మా ఇంట్లో మేం అందరం ఒకచోట అంత నిశ్శబ్దంగా కూర్చుని ఎన్నాళ్ళైందో. పాట అలా మొదలై, ఆగి, మళ్ళీ మొదలై, ఒకే వాకిలి ముందు నుంచి ఎవరో వెళ్తూ వస్తూ ఉన్నట్టనిపించింది. నేను కళ్ళు సగం మూసుకుని "కొత్తది", "పాతది" అంటూ పోయాను. ఆలోచించి చెప్పలేదు. నోటికి వచ్చేసింది.

అన్నీ సరిపోయాయి. ఒక్కటీ తప్పలేదు.

నీ మరదలు చీటీ రెండుసార్లు చూసింది. పొడుగు లేచి నిలబడి, నీ గుర్తు చూపించి, తర్వాత నమస్కారం పెట్టాడు. నాకు మాత్రం గెలిచినట్టు లేదు అక్కా. ఎందుకో తెలీదు. వయొలిన్ ఏ తీగతోనూ డాబా ఎక్కలేదు. అయినా నేను చెప్పినవన్నీ సరిపోయాయి. కలలో లెక్క చేసినట్టు, జవాబు ఉంది కానీ ఎలా వచ్చిందో లేదు.

కుట్టుమిషను కోసం రోజూ ఒక గంట ఎక్కువ పని చేస్తున్నాను. అది ఆవిడకి చెప్పకు.

కవరు పాప అంటిస్తానంది, దానికి ఇచ్చేస్తున్నాను.

నీ తమ్ముడు

అత్తయ్యా, నేను కరెక్టుగానే మార్చాను. మోసం చెయ్యలేదు. పొడుగు మావయ్య చెయ్యి మాత్రం మోకాలి మీద ఊరికే ఉండదు. కొత్త తీగ పెట్టినప్పుడల్లా పిడికిలి, పాతది పెట్టినప్పుడల్లా చిటికెన వేలు. ఇంకో విషయం, నేను గొణగను. నాన్నే ప్రతిదానికీ ఏంటీ, ఏంటీ అంటాడు. కెటిల్ బాగానే ఉంది.

మార్చి 23

తమ్ముడూ,

పరిహాసాలు పక్కన పెడుతున్నాను.

మీ మున్సిపాలిటీ నుంచి పత్రికకి జవాబు వచ్చింది. నేను అలవాటుగా తిట్లకి సిద్ధపడి విప్పాను. చాలా మర్యాదగా రాశారు. మీ వీధిలో ఒక్క కొమ్మ కూడా కొట్టలేదట. పార్కుల విభాగంలో పిట్టల మీద ఇష్టమున్న ఒకావిడ స్వయంగా వచ్చి, పొద్దున్నే మీ కిటికీ కింద కాఫీ తాగుతూ నిలబడిందట. ఆ చెట్టు నిండా పిట్టలేనట. ఆ గోలకి తన మాట తనకే వినపడలేదని రాసింది. "రచయిత్రి స్వయంగా వచ్చి వినవలసిందిగా ఆహ్వానిస్తున్నాం" అని చివర.

ఆ కాగితం, పాప రాసిన నాలుగు ముక్కలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి వీధి చప్పుడంతా పైకి వస్తోంది. సైకిల్ గంట, ఎవరిదో దగ్గు, ఇనుప షట్టరు దించిన మోత. ఇన్నేళ్ళలో వాటిని విడివిడిగా విన్నది ఇవాళే.

నువ్వు మూడు సంగతులు రాశావు. నేను మూడింటికీ ముగ్గురు శత్రువుల్ని వెతికిపెట్టాను. నిన్ను మాత్రం అడగలేదు.

పిట్టలున్నాయట. కెటిల్ బాగుందట. పాప గొణగదట. పొడుగు చేతులతో చెప్తున్నాడు.

ఒరేయ్ చిన్నోడా, నీకు వినపడుతోందా?

అక్క

ఏప్రిల్ 2

అక్కా,

పొడుగుని ఏమీ అనకు. పరీక్ష అనగానే వాడు కంపెనీ పరీక్ష అనుకున్నాడు. నీ పేరు చెప్పి మేనేజరే పెట్టిస్తున్నాడని. అందుకే చెయ్యి అందించాడు. వాడు షెడ్డులో రోజూ చేసే పనే అది. వాడి చెయ్యి నేను చూడను కూడా. నా చెయ్యి నేను చూసుకోను కదా, అలాగే. ఆదివారం నా నోట్లోంచి వచ్చిన జవాబులు వాడి వేళ్ళవని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. అడిగితే ఇదంతా చెప్పి గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

డై అరుగుతుంటే తీగ సన్నగా కూస్తుంది. తెగేలోపల ఆ కూత పట్టుకోవాలి. ఒకప్పుడు షెడ్డు మొత్తంలో నా చెవే చెవి. మిగతా యంత్రాలవాళ్ళు కూడా నన్నే పిలిచేవాళ్ళు. ఆ కూత ఎప్పుడు వెళ్ళిపోయిందో తెలీదు. అది గొడవ చేసి వెళ్ళలేదు అక్కా. పెళ్ళింట్లోంచి చుట్టాలు ఒక్కొక్కరే చెప్పకుండా వెళ్ళిపోతారే, అలా వెళ్ళాయి. ముందు కూత. తర్వాత పిట్టలు. తర్వాత పాప మాటల్లో చివరి అక్షరాలు. ఇప్పుడు ఇంట్లో అందరూ తెర వెనక మాట్లాడుతున్నట్టుంటుంది. బాగానే ఉంటుంది ఒక్కోసారి. మంచులో పొద్దున్నే నడుస్తున్నట్టు. మంచులోంచి ఎవరో పిలుస్తున్నారని మాత్రం తెలుస్తూ ఉంటుంది.

చెట్టు మీద నెట్టాను, టీచరు మీద నెట్టాను, కెటిల్ మీద నెట్టాను. చివరికి పాటల పెట్టె మీద. లోపం వస్తువుదైతే కొత్త వస్తువు కొనుక్కోవచ్చు. ఆ బట్ట గదిలో వయొలిన్ డాబా ఎక్కిందని రాశాను కదా, అది అబద్ధం కాదు. నిజంగా విన్నాను. తీగ వల్లే అనుకున్నాను.

నువ్వు పత్రికలో రాయకు. నీ కాళ్ళు పట్టుకుంటాను. చెవి పోయిందని తెలిస్తే ఆ రోజే పంపించేస్తారు. పోయినేడు ఒకాయన్ని "పనికి తగడు" అని ఒక్క ముక్క రాసి పంపించారు. ఇప్పుడు గేటు బయట తాళాలు బాగుచేస్తూ కూర్చుంటాడు. మేం పలకరిస్తే మా నోళ్ళు చూస్తాడు.

నీ తమ్ముడు

ఏప్రిల్ 10

చిన్నోడా,

వ్యాసం రాసేశాను. నీ ఉత్తరం అందిన రోజే రాశాను, లేచి నీళ్ళు కూడా తాగకుండా. చాలా బాగా వచ్చింది. ఇప్పుడు సొరుగులో ఉంది. నువ్వు చెప్పేదాకా సొరుగులోనే ఉంటుంది. పత్రికలో చేరినప్పటి నుంచి నేను చేత్తో ఆపుకున్న మొదటి వ్యాసం ఇది. చెయ్యి నొప్పెడుతోంది.

తీగ ఆ ధరకి తగునా అని కదా మనం మొదలుపెట్టింది. తగదు. ఇప్పుడూ అదే అంటాను. ఆ కొట్లో నువ్వు విన్నది తీగని కాదు. నిశ్శబ్దాన్ని. చుట్టూ హోరు లేని గది, గట్టిగా పెట్టిన పాట, నీకోసమే ఆగిన ఒక మనిషి. అవి వాడు అమ్మడు, వాటికి పెట్టె లేదు. అందుకని తీగ అమ్మాడు. నువ్వు వెర్రివాడివని రాశాను. కాదు. దాహం వేసినవాడికి ఖాళీ గ్లాసు అమ్మారు.

నీ చెవులు వయసుతో పోలేదురా. నాకంటే చిన్నవాడివి, నాకు పక్కింటివాళ్ళ గుసగుసలు వినపడుతున్నాయి. ఆ షెడ్డు తినేసింది. రోజూ కాస్త కాస్త. తినడం అయ్యాక నిన్నే బయటికి తోస్తానంటోంది. వాళ్ళు దాచాల్సిన సంగతిని సిగ్గుపడి నువ్వు దాస్తున్నావు.

నా మీద ఒట్టు, రెండు పనులు చెయ్యి. చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళు, మరదల్ని తీసుకెళ్ళు. రెండోది, పొడుగుని అడుగు. వాడు అంత బాగా చేతులతో మాట్లాడేది నీ ఒక్కడి కోసమేనా? వాడికి వినపడుతోందా?

నీ పేరు లేకుండా, ఊరు లేకుండా రాయగలను. అయినా నువ్వు చెప్పందే రాయను. నడుం మీద చేతులు పెట్టుకుని మరీ చెప్తున్నాను.

అక్క

మే 6

అక్కా,

డాక్టరమ్మ నన్ను చిన్న గదిలో కూర్చోబెట్టింది. గోడలకి మందపాటి బట్ట. ఆ కొట్టు గదిలాంటిదే. నాకు నవ్వొచ్చింది, వయొలిన్ పెడతారేమో అని చూశాను. చెవులకి గొట్టాలు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చి, శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమంది. కొన్నిసార్లు నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. నా రక్తం నడుస్తున్న చప్పుడు వింటూ, ఇంకా మొదలవుతుందని హాయిగా కూర్చున్నాను. తలుపు తీసి డాక్టరమ్మ లోపలికొచ్చింది. "మొదలుపెట్టండి" అన్నాను. అయిపోయిందట. అద్దం అవతల నీ మరదలు నిలబడి ఉంది. అక్కడి స్పీకరులో ఆమెకి ఆ శబ్దాలన్నీ వినపడుతూనే ఉన్నాయి, నేను నొక్కకపోవడం చూస్తూనే ఉంది.

బస్సులో నా చెయ్యి వదల్లేదు. కుట్టుమిషను వద్దు, చెవి మిషను కొందాం అంది. నేను రెండూ అన్నాను. పోట్లాడుకున్నాం. ఆమె నా వైపు తిరిగి పోట్లాడింది, పెదాలు కనపడేలా.

పొడుగుని అడిగాను. షెడ్డులో కాదు, ఇంటికి పిలిచి, కిటికీ దగ్గర.  మర్నాడు తనలాగే వినపడని ఇంకొకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆదివారానికి మా షిఫ్టు దాదాపు అంతా మా ముందుగదిలో ఉంది. నీ మరదలు కప్పులు సరిపోక గ్లాసుల్లో టీ పోసింది. పాపని చెట్టు వైపు కూర్చోబెట్టాం. పిట్ట కూసినప్పుడు పాప చెయ్యెత్తాలి, మేం కూడా వినపడితే ఎత్తాలి. పొద్దుటి వెలుగు ఆకుల్లోంచి వచ్చి అందరి మొహాల మీదా కదులుతోంది. అందరం పాటల కచేరీకి వచ్చినట్టు బుద్ధిగా కూర్చున్నాం. కొత్తగా చేరినవాడొకడు ఎత్తాడు. ఇంకొకడు సగం ఎత్తి దించేశాడు. మిగతా చేతులన్నీ ఒళ్ళోనే ఉన్నాయి.

పాప చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉంచింది, అక్కా. దించడానికి సందు లేదట. నొప్పెడితే రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. మేమంతా దాని చెయ్యి చూస్తూ కూర్చున్నాం.

"ఒక్కడైతే పంపించేస్తారు. షిఫ్టుకి షిఫ్టునే పంపితే తీగ ఎవడు లాగుతాడు?" అన్నాడు పొడుగు. నోటితోనే అన్నాడు. గేటు బయట తాళాలు బాగుచేసే ఆయన కూడా వచ్చి, అందరం కలిసి రాసిన కోరికల కాగితం మీద సంతకం పెట్టాడు.

తీగని కొట్టతను తిరిగి తీసుకోనన్నాడు. నీ మరదలు దాన్ని డాబా మీద కట్టి దుప్పట్లు ఆరేసింది. వయొలిన్ ఎక్కలేకపోయిన చోటికి అదైనా ఎక్కింది. పైకి వెళ్ళినప్పుడు నేను ఆ తడి దుప్పట్లని చేత్తో తప్పించుకుంటూ నడుస్తున్నాను.

ఇప్పుడు రాయి. సొరుగు తియ్యి. నా పేరు వెయ్యి, మా అందరివీ వెయ్యి. కింద ఉన్నవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే వెయ్యాలి. నీ విశేషణాలు ఒక్కటీ కలపొద్దు. ఇవి మా షెడ్డు అడుగుతున్నవి.

నీ తమ్ముడు

1. షెడ్డులో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఏటా చెవి పరీక్ష చేయించాలి. ఖర్చు కంపెనీది. కాగితం మా చేతికి ఇవ్వాలి.

2. చెవులకి తొడుగులివ్వాలి. పాడైతే అడగకుండా కొత్తవివ్వాలి.

3. యంత్రాలకి చప్పుడు తగ్గించే మూతలు పెట్టాలి.

4. డై అరిగిందని చెప్పడానికి దీపం పెట్టాలి. దానికి మనిషి చెవిని వాడకూడదు.

5. వినికిడి తగ్గినవాళ్ళని తీసెయ్యకూడదు. జీతం తగ్గించకూడదు. తీసేసినవాళ్ళని వెనక్కి పిలవాలి.

6. చెవి మిషన్లు కంపెనీ కొనివ్వాలి.

7. షెడ్డు పక్కన ఒక చిన్న గది కావాలి. గోడలకి మందపాటి బట్ట, మూసుకునే తలుపు.

8. తీగకి మీ ఇష్టం వచ్చినంత ధర పెట్టుకోండి. దాన్ని లాగిన వాళ్ళకి అవతలి చివర మోగేది వినపడాలి.